పైవీధికి నీళ్లొచ్చే వేళ

3వ తేదీ, సోమవారం

మేనకోడలు ఈ డైరీ ఇచ్చింది. "మావయ్యా, ఇంక నీకు పొద్దుపోదు, ఏదైనా రాసుకో" అంది. నాకు పొద్దుపోకపోవడమేమిటి? పొద్దున్నించి మూడు టీలు తాగాను, వీధి చివరిదాకా రెండుసార్లు వెళ్లొచ్చాను, ఇంటావిడ చేత "అడ్డం లేవండి" అని లెక్కలేనన్నిసార్లు అనిపించుకున్నాను. నాకంటే తీరిక లేనివాణ్ణి చూపించమనండి.

రాసుకోవాల్సిన సంగతి ఒక్కటే. పైవీధి వాల్వు ఇవాళ నా చేతిలోంచి యంత్రం చేతిలోకి పోయింది. ఇన్నేళ్లుగా రోజు విడిచి రోజు, తెల్లవారకముందే నిలువెత్తు ఇనప కడ్డీ భుజానేసుకుని వెళ్లి, ముందు వాల్వు మూత మీద ఠంగ్ ఠంగ్ అని రెండు దెబ్బలు వేసి, ఆ తర్వాత తిప్పేవాణ్ణి. ఆ రెండు దెబ్బలూ వేయమని ఏ ఆఫీసూ చెప్పలేదు. నాకే అనిపించింది, చెప్పకుండా ఎవరింటికైనా ఎలా వెళ్తాం, నీళ్లయినా సరే, అని. అందుకే వీధిలో నాకు ఠంగుగారు అని పేరు. అసలు పేరుతో ఉత్తరం వస్తే పోస్టుమాన్ తిప్పి పంపేశాడొకసారి.

బాధేం లేదు. ఎప్పటికైనా దిగాల్సిన బరువే కదా, భుజం కూడా నొప్పెడుతోంది.

యంత్రానికి కొత్తల్లుడు అని పేరు పెట్టాను. అందరూ దాని మొహంకేసి చూస్తారు, అది ఎవరికీ జవాబు చెప్పదు.

4వ తేదీ, మంగళవారం

మేనకోడలు మా ఇంట్లోనే దిగింది. మా చెల్లెలి కూతురు. ఇక్కడ యంత్రాలు పెట్టించే ఇంజనీరు తనే. రాత్రి అన్నాలు తింటూ కొత్తల్లుడి గుణగణాలు చెప్పింది. టాంకులో ఎన్ని నీళ్లున్నాయో, ఏ వీధి ఎన్ని వాడుతోందో చూసుకుని తనే తెరుస్తుందట, తనే మూస్తుందట. ఇకమీద రోజు విడిచి రోజు కాదు, గొట్టంలో ఎప్పుడూ నీళ్లుంటాయి. ఇదివరకులా ఉరుకులు పరుగుల మీద కాదు, సన్నగా, నిదానంగా. ఎక్కడైనా గొట్టం పగిలి నీళ్లు వృథా పోతున్నాయని అనుమానం వస్తే టక్కున కట్టేస్తుంది.

"అనుమానం మనిషన్నమాట" అంది ఇంటావిడ నాకేసి చూస్తూ. నన్నెందుకు చూడాలి?

ఈ రాత్రి అందరూ పడుకున్నాక మొదలుపెడతారట. కుళాయి విప్పి, కింద బకెట్ పెట్టి, లోపల స్టీలు పళ్లెం బోర్లించి పడుకుంటున్నాం. ఎప్పటిలాగే.

5వ తేదీ, బుధవారం

బకెట్ నిండుగా ఉంది. కుళాయిలో చుక్క లేదు. ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటిలాగే పోయింది. కొత్తల్లుడు, కొత్తల్లుడు అని ఇంత హడావిడి చేశారా!

బాత్రూం నేలంతా తడి. మీరంటే మీరని కాసేపు నేనూ ఇంటావిడా వాదించుకున్నాం. ఆవిడే గెలిచింది. తడిగుడ్డ నేను పట్టాను.

7వ తేదీ, శుక్రవారం

మూడు రాత్రులుగా ఇదే తంతు. రాత్రి నీళ్లు వదలడం, తెల్లారకముందే యంత్రానికి అనుమానం వచ్చి కట్టేయడం, పగలంతా మేనకోడలి మనుషులు గొట్టం ఎక్కడ పగిలిందా అని వెతకడం, ఏమీ దొరక్క రాత్రి మళ్లీ వదలడం. లాండ్రీ చెల్లెమ్మ గుమ్మం ముందు గొయ్యి తవ్వారు. లాండ్రీ నడుపుతుంది, నన్ను అన్నయ్యా అంటుంది, వీధిలో అన్నిటికంటే పైనున్న ఇల్లు ఆవిడది. అంత పైకెక్కి నీళ్లు అలిసిపోతాయేమో, ఎప్పుడూ ఆవిడకే ఆఖరు. గోతిలో గొట్టం నిక్షేపంలా ఉంది. గుమ్మం మాత్రం లేదు.

"అన్నయ్యా, మీ మేనకోడలు నా ఇంటికి కందకం తవ్వింది. ఇంక శత్రువుల భయం లేదు" అంది, భుజాన దుప్పట్ల మూటతో ఆ గొయ్యి దాటుతూ. నవ్వుతూనే అంది. కానీ రోజూ నీళ్లొస్తాయన్న మాట నమ్మి పెద్ద హోటలు దుప్పట్లన్నీ ఉతుకుతానని ఒప్పుకుంది ఆవిడ. ఈ నెల సరిగా ఇవ్వకపోతే ఆ పని వేరేవాళ్లకి పోతుంది. ఆ సంగతి నవ్వుతూ చెప్పలేదు.

కడ్డీకి నూనె రాశాను. తుప్పు పడుతుందని. వేరే ఉద్దేశం లేదు.

9వ తేదీ, ఆదివారం

మేనకోడలు ఫోన్లో మా వీధి నీళ్ల వాడకం గీత చూపించింది. జనం పడుకునే వేళకి ఆ గీత కిందికి దిగిపోవాలట, ఎవరూ నీళ్లు వాడరు గనక. మా వీధి గీత ఆ వేళకే మెట్లెక్కుతోంది.

"మా వీధివాళ్లకి నిద్రలో దాహమెక్కువ" అన్నాను.

నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే పిల్ల. ఫోను పక్కన పెట్టి చెప్పింది. ఇరవయ్యో తేదీన పెద్ద ఇంజనీరు వస్తున్నాడట. ఆలోగా ఈ నష్టం ఆగకపోతే యంత్రాలు విప్పుకుని వేరే పేటకి పట్టుకుపోతారు. పైవీధికి మళ్లీ రోజు విడిచి రోజే. ఈ పిల్ల ఉద్యోగం కూడా ఆ యంత్రాల వెనకే వెళ్తుంది, కాకపోతే అవి వెళ్లే చోటికి కాదు, ఇంటికి.

"అయ్యో" అన్నాను. నిజంగానే అన్నాను.

తర్వాత వీధిలోకి వెళ్లి వాల్వు దగ్గర కాసేపు నిలబడ్డాను. ఊరికే. అటువైపు గాలి బాగుంటుంది.

10వ తేదీ, సోమవారం

కడ్డీకి మళ్లీ నూనె రాశాను. మొన్న సరిగా పట్టలేదు.

12వ తేదీ, బుధవారం

ఇవాళ విశేషమేమీ లేదు గనక పాత సంగతి ఒకటి రాస్తాను. ఇంటావిడకీ నాకూ మధ్య నడిచిన మొదటి మాట ఒక తిట్టు. తిట్టింది ఆవిడ. అప్పటికి నాకు ఈ పని కొత్త. ఒకరోజు వాల్వు తిప్పడం ఆలస్యమైంది. తలకి సబ్బు రాసుకుని, తువ్వాలు చుట్టుకుని, కళ్లు మూసుకునే వీధిలోకి వచ్చింది ఒకమ్మాయి. "ఆ తిప్పేవాడు బతికే ఉన్నాడా?" అని అరిచింది, సరిగ్గా నా మొహం మీద. ఉన్నానని చెప్పాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అదే అడుగుతుంది, నేనూ అదే చెబుతాను.

మా వీధివాళ్లకి ఇంకో విద్య ఉంది. నేను ఠంగుమనిపించాక నీళ్లు ఎగువకెక్కి ఇళ్లల్లోకి రావడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా సగం మంది మళ్లీ నిద్రపోతారు. అందుకే గిన్నెల్లో పడే చప్పుడు పెట్టుకుంటారు, లేవడానికి. లాండ్రీ చెల్లెమ్మ డ్రమ్ము ఢమఢమ, మా పళ్లెం టకటక, ఎదురింటి టెలిగ్రాం బావది రేకు డబ్బా. అది మోగితే ఆయన ఇంట్లోవాళ్లు తప్ప అందరూ లేస్తారు. (టెలిగ్రాం బావ అంటే ఆఫీసు టెలిగ్రాం కాదు. ఏ వార్తయినా ఆయన నోట పడితే సాయంత్రానికి ఊరు దాటుతుంది.) కళ్లు మూసుకుని నిలబడి ఏ ఇంటికి నీళ్లు చేరాయో చెప్పగలిగేవాణ్ణి.

ఈ మధ్య ఆ చప్పుళ్లేవీ వినపడటం లేదు. నీళ్లు అంత మెత్తగా వస్తున్నాయి. అయినా బకెట్లు పొద్దున నిండే ఉంటున్నాయి గనక ఎవరికీ ఫిర్యాదు లేదు, మేనకోడలికి తప్ప.

14వ తేదీ, శుక్రవారం

ఇంటింటికీ చిన్న మీటరు బిగించారు. మన ఇంటికీ. టెలిగ్రాం బావ తన మీటరుకి గుడ్డ కప్పాడు. "రాత్రిపూట నేనేం చేస్తున్నానో ఆఫీసుకెందుకయ్యా?" అన్నాడు. "గురకపెడతారు. అది మీటరు లేకుండానే వినపడుతుంది" అంది ఇంటావిడ.

15వ తేదీ, శనివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మేనకోడలు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. గొట్టం ఎక్కడా పగల్లేదట. రాత్రంతా ప్రతి ఇంట్లోనూ నీళ్లు పోతూనే ఉన్నాయట.

"మావయ్యా, మన ఇంట్లో కూడా."

"మన ఇంట్లోనా? రాత్రి ఎవరు లేచారు? మీ అత్త లేస్తే నాకు తెలుస్తుంది, నేను లేస్తే ఆవిడకి తెలుస్తుంది."

అది నేరుగా బాత్రూంలోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. కుళాయి విప్పడానికి తిప్పబోయింది. తిరగలేదు. అటు చివరిదాకా ముందే తిరిగి ఉంది.

"ఇది విప్పి ఉందేంటి?"

"విప్పకపోతే నీళ్లొచ్చినట్టు ఎలా తెలుస్తుంది?" అన్నాను.

నాకేసి చూసింది. కుళాయికేసి చూసింది. బకెట్ కేసి, అందులో పళ్లెం కేసి, తడి నేల కేసి చూసింది. ఆ తర్వాత రెండో బకెట్ బోర్లించి దానిమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. చివర్లో వచ్చినవి నవ్వు నీళ్లో కావో నాకు తెలియదు. ఇంటావిడ పరిగెత్తుకొచ్చి "దాన్నేమన్నారు?" అని నా మీద పడింది.

నెమ్మదించాక విడమరిచి చెప్పింది. ఇదివరకు నీళ్లు దబదబా పడేవి, పళ్లెం మోగేది, మేం లేచి పట్టుకుని కుళాయి కట్టేవాళ్లం. ఇప్పుడు నీళ్లు దారంలా దిగుతున్నాయి. పళ్లెం మోగదు, ఎవరూ లేవరు. బకెట్ నిండి, పొర్లి, కాలవలోకి పోతుంది. ఇలా వీధిలో ప్రతి ఇంట్లోనూ. యంత్రం అది చూసి గొట్టమే పగిలిందనుకుని కట్టేస్తుంది. పొద్దున మాకు కనపడేది నిండిన బకెట్, ఎండిన కుళాయి. అంటే, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మేం చూస్తున్నదే. ఇంక ఎవరికి అనుమానం వస్తుంది?

"పొద్దున కుళాయిలో నీళ్లుండవు గనక మీరు మళ్లీ విప్పి పెడతారు. మీరు విప్పి పెడతారు గనక పొద్దున నీళ్లుండవు" అంది.

ముగ్గురం వీధంతా తిరిగాం. లాండ్రీ చెల్లెమ్మ ఇంట్లో విప్పే ఉంది. టెలిగ్రాం బావ ఇంట్లో మూడు కుళాయిలు, మూడూ విప్పే ఉన్నాయి. ఒకదాని కిందయితే బకెట్ కూడా లేదు. "అది చప్పుడుకి" అన్నాడు.

ఇన్నాళ్లూ అక్కడే నిలబడి నేను చూడని సంగతి, పదిరోజులు మా ఇంట్లో అన్నం తిన్న పిల్ల చూసింది. దాని ఊళ్లో కుళాయి ఎప్పుడూ కట్టే ఉంటుందట. విప్పితే వస్తాయట. అలాంటి చోట పెరిగినదానికి మా కుళాయి వింతగా కనపడకేం చేస్తుంది.

16వ తేదీ, ఆదివారం

ఆఫీసువాళ్లు అందరి ఫోన్లకీ కబురు పెట్టారు, రాత్రి కుళాయిలు కట్టుకోమని. పొద్దున మీటర్లు చూస్తే కట్టుకున్నవాళ్లు ముగ్గురు. అందులో ఒకాయన ఊళ్లో లేడు.

టెలిగ్రాం బావ వాదన వినాలి. "బావా, నేను కట్టుకుంటానయ్యా. కింది ఇళ్లవాళ్లు కట్టుకోరు. ఉన్న నీళ్లన్నీ వాళ్లే పట్టేసుకుంటారు. అప్పుడు నేనేం చేయాలి, ఫోన్లో కబురు పిండుకు తాగాలా?"

కిందవాళ్లని అడిగాను. పైవాళ్లు కట్టుకోరని చెప్పారు.

లాండ్రీ చెల్లెమ్మ మాత్రం వాదించలేదు. "అన్నయ్యా, అందరూ కట్టుకున్నాక ఆఖర్న నేను కట్టుకుంటాను. అందరికంటే ముందు కట్టుకుని ఎండిపోయే ఓపిక నాకు లేదు. దుప్పట్లున్నాయి" అంది.

మేనకోడలు సరిగా తినలేదు. ఇంటావిడ నాతో మాట్లాడలేదు. నేనేం చేశానని?

ఒక విషయం. ఇక్కడ ఎవరూ చూడరు గనక రాస్తున్నాను. యంత్రాలు పోతాయని విన్న రోజున, ఆ "అయ్యో"కీ వాల్వు దగ్గరికి నడవడానికీ మధ్యలో, నాకు ఆకలేసింది. బాగా ఆకలేసింది. సంతోషంగా ఉన్నప్పుడు వేస్తుందే, అలాంటి ఆకలి. అంతే. ఇంకేం లేదు.

17వ తేదీ, సోమవారం

పొద్దున కడ్డీకి నూనె రాస్తుంటే ఇంటావిడ వచ్చి ఎదురుగా కూచుంది.

"ఎన్నిసార్లు రాస్తారు దానికి? అదేం పెళ్లికూతురా?"

"తుప్పు..."

"మీరు కొట్టిన రోజున నీళ్లు రాకుండా ఎప్పుడైనా ఉన్నాయా?"

ఆలోచించాను. ఆలస్యమైన రోజులున్నాయి. అసలు రాని రోజైతే లేదు. రావని తెలిస్తే కొట్టేవాణ్ణే కాదు.

"ఫోను మోగితే ఎవరూ నమ్మరు. ఇది మోగితే నిద్రలో కూడా లేస్తారు. లేవండి మరి" అంది.

సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, కడ్డీ భుజానేసుకుని బయల్దేరాను. భుజం ఏం నొప్పెట్టలేదు. మూత మీద ఠంగ్ ఠంగ్ అనిపించాను. ఒక్క క్షణంలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. బిందెలు, బకెట్లు, లాండ్రీ చెల్లెమ్మ డ్రమ్ము. ఆ వేళప్పుడు నీళ్లేమిటని ఒక్కరూ అడగలేదు. కళ్లు తుడుచుకున్నాను. ఎండాకాలం దుమ్ము.

"బిందెలక్కర్లేదు. ఇవాళ విప్పడానికి కొట్టలేదు, కట్టడానికి కొట్టాను. కట్టి పడుకోండి. పొద్దున తిప్పితే వస్తాయి. నేను చెబుతున్నాను" అన్నాను.

ఎవరూ కదల్లేదు. టెలిగ్రాం బావ అన్నాడు, "రాకపోతే?"

"రాకపోతే ఈ కడ్డీ తీసుకొచ్చి నీ చేతికే ఇస్తాను. ఎక్కడ కావాలంటే అక్కడ మోగించుకో. నా తల మీదయినా సరే."

కొందరు నవ్వారు. నవ్వారు గానీ ఇంకా బిందెలు దించలేదు.

"అసలు మీరు కట్టారా అన్నయ్యా?" లాండ్రీ చెల్లెమ్మ.

"అందరికంటే ముందు! ఇప్పుడే నా చేత్తో కట్టి వచ్చాను."

సరిగ్గా అప్పుడు మా గుమ్మంలోంచి ఇంటావిడ కేక. వీధి వీధంతా వినేలా.

"ఏవండీ! మరి పెరటి కుళాయి?"

పెరట్లో ఒక కుళాయి ఉంది. మొక్కలకి. దాన్ని నేను... ఎందుకైనా మంచిదని వదిలాను. ఒక్కటే కదా అని. వీధంతా కడితే, ఒక్కటి విప్పి ఉంటే ఏం మునుగుతుంది అని.

అందరి తలలూ నాకేసి తిరిగాయి. ఆ తర్వాత టెలిగ్రాం బావ పగలబడి నవ్వాడు. ఆయనతోపాటు అందరూ. మేనకోడలు కూడా. కడ్డీ గోడకి చేరేసి, అంతమంది చూస్తుండగా ఇంట్లోకి వెళ్లి, పెరటి కుళాయి కట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చాను. ఇంత సిగ్గుపడి ఎన్నేళ్లయిందో.

"ఠంగుగారు కూడా దొంగే అయితే ఇంక మనలో మనకి భయమేముంది?" అన్నాడు టెలిగ్రాం బావ. "పదండి, నావి మూడూ కడతాను. వచ్చి చూసుకోండి."

నిజంగానే వెళ్లి చూశారు. ఆ తర్వాత ఒకరింట్లోకి ఒకరు, కుళాయిలు చూసుకుంటూ, పనిలో పనిగా వంటిళ్లూ పరదాలూ కూడా చూసుకుంటూ, కింది నుంచి పైదాకా ఎక్కారు. ఆఖరి ఇల్లు లాండ్రీ చెల్లెమ్మది. గోతి మీద వేసిన చెక్క దాటి అందరం వెళ్లాం. ఆవిడ డ్రమ్ముకేసి ఒకసారి చూసుకుంది. కుళాయి కట్టింది. కట్టి, చెయ్యి కాసేపు దాని మీదే ఉంచింది.

18వ తేదీ, మంగళవారం

వచ్చాయి.

పై ఇంట్లోనూ వచ్చాయి. లాండ్రీ చెల్లెమ్మ దుప్పట్లు వీధికి అడ్డంగా తాళ్ల మీద ఆరేసింది. ఆఫీసుకి వెళ్లేవాళ్లందరూ వంగి వెళ్తున్నారు.

20వ తేదీ, గురువారం

పెద్ద ఇంజనీరు వచ్చాడు. బొద్దుగా, మర్యాదగా ఉన్నాడు. ఫోన్లో గీత చూశాడు. మూడు రాత్రులుగా ఆ గీత బుద్ధిగా పడుకుంటోంది.

"గొట్టం ఎక్కడ పగిలిందమ్మా?"

"ఎక్కడా పగల్లేదు సార్."

కుళాయిల సంగతి చెప్పింది. ఆయన నమ్మలేదు. లాండ్రీ చెల్లెమ్మ మధ్యలో దూరి, "నమ్మకపోతే మానండి గానీ, నా గుమ్మం ఎప్పుడు కడతారు?" అంది. ఆ ప్రశ్నతో ఆయన వెళ్లి గోతిలో నిక్షేపంలా ఉన్న గొట్టం చూశాడు, మొత్తం అర్థమైనట్టుంది. యంత్రాలు ఇక్కడే ఉంటాయన్నాడు. మేనకోడలు కిందివీధి పని కూడా మొదలుపెట్టాలన్నాడు. గుమ్మం సంగతి చూస్తానన్నాడు.

సాయంత్రం మేనకోడలు రిపోర్టు రాసుకుంటూ అడిగింది. "మావయ్యా, నష్టానికి కారణం అన్నచోట ఏం రాయను?"

"ఎదురుచూపు అని రాయి."

నవ్వి, ఇంకేదో రాసింది.

కిందివీధిలో యంత్రం పెట్టిన రోజున నేను కూడా రావాలట. కడ్డీతో సహా. ఆఫీసువాళ్ల మాటగా చెప్పింది. ఆలోచించి చెబుతానన్నాను. ఊరికే ఒప్పేసుకుంటే ఏం బాగుంటుంది? రేపు చెబుతాను. పొద్దున్నే చెబుతాను.

27వ తేదీ, గురువారం

ఇంకా తెల్లవారకముందే మెలకువ వచ్చింది. నా ఒంటికి ఈ యంత్రం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పడుకునే చెవులు రిక్కించాను. పళ్లెం లేదు, డ్రమ్ము లేదు, రేకు డబ్బా లేదు. వీధిలో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. భయం కూడా వేసింది. లేచి చీకట్లోనే బాత్రూంలోకి వెళ్లాను. కుళాయి తిప్పాను. చేతి మీద చల్లగా పడ్డాయి. కాసేపు అలాగే ఉంచి, కట్టేశాను.

లోపల్నించి ఇంటావిడ నిద్రగొంతుతో అడిగింది, ఇన్నేళ్లుగా ఆ వేళప్పుడు అడిగేదే.

"వచ్చాయా?"

"పోలేదే" అన్నాను.

కాసేపటికి మళ్లీ నిద్రపట్టింది, ఇద్దరికీ.